అవతలి గట్టు మీది కొంగలు

ఉద్యోగం మానేసిన రోజు మా ఆఫీసు వాళ్ళు నాకు శాలువా కప్పలేదు, గోడ గడియారం ఇవ్వలేదు. బైనాక్యులర్ ఇచ్చారు. ఇంటికి తెచ్చి బల్ల మీద పెడితే మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నువ్వు ఇన్నేండ్లు పన్జేసింది కంప్యూటర్ ఆఫీసులనా, మిలిట్రీలనా?" అని అడిగాడు.

ఆ బైనాక్యులర్ వెనక ఒక తప్పు ఉంది. అక్షరాలతో గడిచిన నా బతుకులో నేను చేసిన తప్పులన్నిటిలోకీ అదే పెద్దది. కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలు మా వయసు వాళ్ళను పట్టుకుని మీ విజయరహస్యం ఏమిటని అడుగుతుంటారు. నా దగ్గరా ఒక రహస్యం ఉండేది గానీ, అది విజయానిది కాదు. దాన్ని దాచడానికి పడ్డ అవస్థ, దాన్ని ముందే కనిపెట్టి కూడా నోరు విప్పని ముగ్గురు మనుషులు, ఇదే నేను చెప్పబోయే కథ.

ఆ ఆఫీసులో చేరకముందు సూర్యాపేటలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ఇరవై రెండేళ్ళు డీటీపీ చేశాను. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, ఎన్నికలొస్తే రంగురంగుల వాగ్దానాలు. నా వేళ్ళ కంటే నా కంటికి పేరు ఎక్కువ. ప్రూఫు కాగితం చేత్తో పట్టుకుని గుమ్మం దాటేలోపు అందులో తప్పు ఎక్కడుందో చెప్పేదాన్ని. "ఆ అక్క కన్ను వడ్డంక అచ్చుతప్పు బతకది" అని బజారంతా అనేవాళ్ళు. విని విని నాకూ కొంచెం తలకెక్కింది, అబద్ధమెందుకు. తర్వాత పెళ్ళిపిలుపులు ఫోన్లలోకి వెళ్ళిపోయాయి. ప్రెస్సు మూతపడింది. అప్పటికి నాకు యాభై ఒకటి. మా ఆయన నడుము నొప్పితో ఆటో నడపడం మానేసి ఏడాది అయింది.

అటువంటి సమయంలో మా సార్ వచ్చారు. సార్ అంటే నాకంటే పదేళ్ళు చిన్న. ఒకప్పుడు కంప్యూటర్ పాఠాలు చెప్పేవారు, తర్వాత బట్టల దుకాణం పైన రెండు గదులు కిరాయికి తీసుకుని వెబ్‌సైట్లు చేసే ఆఫీసు పెట్టారు. "అక్కా, మా తాన బొమ్మలేసేటాయన ఉన్నడు, కోడ్ రాసే పిల్ల ఉంది. తెలుగు సక్కగ రాసేటోళ్ళే లేరు. నీ కన్ను మాకు గావాలె" అన్నారు. 'నీ కన్ను' అన్న ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. ఎందుకంటే అప్పటికే నా కుడికన్ను ముందు పలచటి మంచుపొర లాంటిది ఒకటి వచ్చి కూర్చుంది.

అలా నలుగురమయ్యాం. సార్, నేను, బొమ్మలేసే అతను, కోడ్ రాసే పిల్ల. బొమ్మలేసే అతనిది కోదాడ. మాటల్లో సగం మావి, సగం ఆంధ్రావి. రోజంతా ఏదో ఒక పాట కూనిరాగం తీస్తుంటాడు, ఒక్క పాటా సరైన వరుసలో ఉండదు. పిల్లది వేములపల్లి పక్కన పల్లె. నాన్నతో వరి చేలల్లో పిట్టల కావలికి పోయి, వడిసెల తిప్పాల్సింది పోయి, పిట్టల కూతలన్నీ నేర్చుకొచ్చిన రకం. కిటికీలో కూత వినబడితే చాలు, తల ఎత్తకుండానే అది ఏ పిట్టో చెప్పేసి మళ్ళీ టకటకా కొట్టుకుంటూ పోయేది.

వెబ్‌సైట్ పని గురించి మీకు ఒక్క ముక్క చెబితే చాలు. వారమంతా వినేది ఒకటే మాట: 'ఇది కాదు'. రంగు ఇది కాదు, ఫోటో ఇది కాదు, మేం అనుకున్నది ఇది కాదు. వచ్చినవాళ్ళు మాతో అంటారు, మాలో మేం కూడా అనుకుంటాం. ఒకసారి ఒక నగల దుకాణం పేజీకి ఎరుపు ఏ ఎరుపు ఉండాలన్న దగ్గర కోదాడ తమ్ముడూ పిల్లా మూడు రోజులు మాట్లాడుకోలేదు. నాలుగో రోజు సార్ కుర్చీలోంచి లేచి, "ఈ ఆదివారం అందరం సాగర్ కాలువ గట్టు మీద నడుద్దాం. అక్కడ ఎవరూ 'కాదు' అనొద్దు" అన్నారు.

మా గట్టు నడక అలా మొదలైంది. ప్రతి నెలా రెండో ఆదివారం. పిల్ల చర్చి ప్రార్థన ముగించుకుని వచ్చేది. మిర్యాలగూడ దగ్గర మొదలుపెట్టి, ఈ నెల ఎక్కడ ఆగితే వచ్చే నెల అక్కడి నుంచి. ఎప్పటికైనా కోదాడ దాకా నడిచి వాళ్ళమ్మ చేతి చేపల పులుసు తినాలని కోదాడ తమ్ముడి పట్టు. సార్ చేతిలో ఎప్పుడూ గాలం ఉండేది. అన్ని నెలల్లో ఆ గాలానికి ఒక రబ్బరు చెప్పు తప్ప ఏమీ పడలేదు. వంతెన గోడ మీద సుద్దతో గళ్ళు గీసి చింతపిక్కలతో అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. పని మాట ఎత్తినవాళ్ళు టిఫిన్ల సంచి మోయాలి.

అసలైన ఆట మాత్రం వంతెన వచ్చిన ప్రతిసారీ ఆడేది. పది నిమిషాలు కూర్చుని దూరంగా చూడాలి. వారమంతా జానెడు దూరంలో కంప్యూటర్ తెరను చూసిన కళ్ళకు అది మందు అనేవారు సార్. దూరంగా తనకు కనబడింది ఒక్కొక్కరూ ఒక్కటి చెప్పాలి. ఎవరేం చెప్పినా మిగతావాళ్ళు ఒప్పుకోవాలి. కాదనకూడదు. కోదాడ తమ్ముడు ఒకసారి తాటిచెట్టును చూపించి ఒంటె అన్నాడు. అందరం అవును ఒంటే అని తలూపాం. నడక అయిపోయేదాకా ఆ ఒంటె ఏం తింటుందో, ఎవరి కోసం ఎదురుచూస్తుందో చెప్పుకుంటూనే ఉన్నాం. నాకు ఆ ఆట ఎంత హాయిగా ఉండేదో మీకు తెలియదు. చూపు తగ్గుతున్న మనిషికి అంతకంటే సుఖమైన ఆట ఇంకేముంటుంది?

అవును, తగ్గుతోంది. కుడికంటి మంచు ఎడమకంటికి కూడా పాకింది. తెర మీద అక్షరాలు ముందు చీమలయ్యాయి, తర్వాత చీమల బారులయ్యాయి. శుక్లాలని నాకు తెలుసు. మా అమ్మకూ ఇలాగే మొదలైంది. ఊళ్ళో పెట్టిన శిబిరంలో ఆపరేషన్ చేయించుకుంది, ఆ కన్ను మళ్ళీ వెలుగు చూడలేదు. ఆ భయం ఒకటి. ఈ సంగతి బయటపడితే 'నీ కన్ను మాకు గావాలె' అన్న మనిషి ఏమంటాడోనన్న భయం ఇంకొకటి. యాభై దాటిన ఆడమనిషికి, అందునా కళ్ళు కనబడని ఆడమనిషికి, సూర్యాపేటలో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు? ఇల్లు నా జీతం మీద నడుస్తోంది. అందుకని దాచాను. ఎవరైనా కాగితం ఇస్తే 'కళ్ళజోడు ఇంట్లో మరిచానమ్మా, నువ్వే చదువు' అనేదాన్ని. వారానికి నాలుగుసార్లు కళ్ళజోడు మరిచే మనిషిని చూసి ఎవరికీ అనుమానం రాలేదని నమ్మేంత తెలివి నాది.

నడక నుంచి వచ్చాక ఆ రోజు కబుర్లన్నీ నేను టైపు చేసేదాన్ని. వేళ్ళకు చూపు అక్కర్లేదు కదా. ఆ కబుర్లకు ఆఫీసులో ఒక ఉపయోగం దొరికింది. వెబ్‌సైట్ నమూనా తయారు చేసేటప్పుడు అక్షరాలు రావలసిన చోట ఏదో ఒకటి నింపి చూడాలి. ఇంగ్లీషు నింపి చూస్తే వరుసలు ముచ్చటగా ఉంటాయి. తర్వాత తెలుగు పోస్తే పై వరుస ఒత్తులు దిగి కింది వరుస నెత్తినెక్కుతాయి. అందుకని ముందే తెలుగు పోయాలి. పోయడానికి చేతిలో ఉన్న తెలుగు మా గట్టు కబుర్లే. అలా మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ దాకా ఎన్ని దుకాణాల నమూనాల్లో మా పులిహోరలూ మా చెప్పు చేపా కొన్నాళ్ళు కాపురం చేసి, అసలు మాటలు రాగానే ఖాళీ చేసి వెళ్ళిపోయాయో లెక్కలేదు. ఖాళీ చేయించే పని నాది. పేజీ పేజీకీ గట్టు కబుర్లు తీసేసి అసలు మాటలు పెట్టి, అన్నీ సరిచూసి 'అయింది' అని చెప్పాలి.

ఇక కొంగల సంగతి. గరిడేపల్లి మండలంలో ఒక వంతెన దగ్గర కూర్చున్నాం. కాలువ నిండా నీళ్ళు. నా వంతు వచ్చింది. అవతలి గట్టు మీద తెల్లగా ఒక బారు కనబడింది. "కొంగలు" అన్నాను. "ఎంత బుద్ధిగా నిలబడ్డయో సూడుండ్రి."

పిల్ల నోరు తెరిచి మూసింది. కోదాడ తమ్ముడు దగ్గాడు. సార్ తాపీగా, "అవునక్కా, కొంగలే" అన్నారు. పిట్టల పిల్ల కూడా అవునంది. నేను పొంగిపోయి ఇంటికెళ్ళి ఇలా రాశాను:

'అవతలి గట్టు మీద పన్నెండు తెల్లకొంగలు, పెళ్ళి పంక్తిలో కూర్చున్న పెద్దల్లా వరుసగా ఉన్నాయి. మేం పులిహోర తిన్నాం, అష్టాచెమ్మా రెండు ఆటలు ఆడాం, ఒక్క కొంగా కదల్లేదు. ఇంత ఓపిక గల కొంగలను నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. పులిహోర తెచ్చింది మన పెద్దమనిషి. అందులో ఉప్పు లేదు. అడిగితే నవ్వుతాడు తప్ప తప్పు ఒప్పుకోడు.'

పెద్దమనిషి అంటే సార్. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

నాలుగు నెలల తర్వాత మిర్యాలగూడ రైస్‌మిల్లు పని వచ్చింది. మిల్లు వాళ్ళది తాతల నాటి వ్యాపారం. కొత్త యంత్రాలు పెడుతున్నారు, పూజ రోజే వెబ్‌సైట్ తెరవాలన్నారు. అది నచ్చితే వాళ్ళ బడి వెబ్‌సైట్ కూడా మాకే ఇస్తామన్నారు. మొత్తం ఎనిమిది పేజీలు. ఆఖరి రెండు రోజులు పిల్ల మేనమామ కొడుకు పెళ్ళికని సెలవు పెట్టింది. నేను ఒక్కో పేజీలో మాటలు మార్చుకుంటూ వచ్చాను. ఎనిమిదోది 'మా మిల్లు చరిత్ర'. తెరిచి చూస్తే పేజీ నిండుగా నల్లటి బారులు కనబడ్డాయి. నిండింది కదా, ఇది కూడా మార్చేసినట్టున్నాను అనుకున్నాను. దగ్గరగా వంగి చూసినా చీమలే. సార్‌తో 'అయింది' అని చెప్పాను.

మర్నాడు పదకొండు గంటలకు ఫోన్ వచ్చింది. సార్ ఫోన్ చెవికి దూరంగా పట్టుకున్నారు. అయినా గది నిండా వినబడుతోంది. పూజకు వచ్చిన చుట్టాలందరూ ఫోన్లలో వెబ్‌సైట్ తెరిచారు. మిల్లు పెట్టిన తాతగారి ఫోటో, దాని కింద 'మా మిల్లు చరిత్ర', దాని కింద పన్నెండు కొంగలు. ఆ తర్వాత పులిహోర తెచ్చిన పెద్దమనిషి, అందులో ఉప్పు లేకపోవడం, అడిగితే నవ్వడం. చుట్టాల్లో ఒకరు అది తాతగారి మీద రాసిందేనని ఖాయం చేసేశారట.

పది నిమిషాల్లో కోదాడ తమ్ముడు పేజీ సరిచేశాడు. కానీ పేజీ సరయితే సరిపోదు కదా. సార్ తన పాత కారు తీశారు. ముగ్గురం మిర్యాలగూడ వెళ్ళాం. సార్ ఇవాళే పొమ్మంటారని నాకు నమ్మకం కుదిరిపోయింది. దారి పొడుగునా మా ఆయనతో ఏమని చెప్పాలో మాటలు కూడబలుక్కుంటున్నాను.

మిల్లు యజమాని పూజ బట్టల్లోనే ఆఫీసు గదిలో నిలబడి ఉన్నాడు. "ఏందయ్యా ఇది? మా తాత రెక్కలు ముక్కలు జేసుకొని పెట్టిన మిల్లు. ఆయన బొమ్మ కింద పులిహోరల ఉప్పు లేదని రాస్తరా? ఎవలు జేసిండ్రు గీ పని?"

నేను తలెత్తాను. నోరు తెరవలేదు. నా పక్క నుంచి కోదాడ తమ్ముడు ఒక అడుగు ముందుకు వేశాడు. "నేనేనండి. పొరపాటు నాదే."

మిల్లు యజమాని అతన్ని ఎగాదిగా చూశాడు. "కండ్లు లేవానయ్యా నీకు? అంత పెద్దగ రాసింది గనవడలేదా?"

"గమనించలేదండి. క్షమించండి" అన్నాడు ఆ తమ్ముడు తల వంచుకుని.

తేలు కుట్టిన దొంగలా నేను నిలబడే ఉన్నాను. పిల్లలూ, మీకు ఈ కథ చెప్పడంలో కష్టమైన చోటు ఇదే. తప్పు చేయడం పెద్ద సంగతి కాదు, ఎవరైనా చేస్తారు. కానీ కొడుకు వయసున్న మనిషి నా కళ్ళకు పడాల్సిన తిట్లు తన కళ్ళకు తిట్టించుకుంటుంటే, నేను జీతం గుర్తుచేసుకుని మాట్లాడకుండా ఉండిపోయాను. ఇప్పటికీ ఆ గది గుర్తొస్తే నాకు తిన్నది లోపలికి పోదు.

బడి వెబ్‌సైట్ పని అక్కడే పోయింది. హైదరాబాద్ వాళ్ళకు ఇస్తామని మొహం మీదే చెప్పారు. సార్ నమస్కారం పెట్టి బయటికొచ్చి, "పోతే పోయింది, పాండ్రి" అన్నారు. కారు సూర్యాపేట దారి పట్టకుండా వేములపల్లి వైపు తిప్పారు. కాలువ వంతెన దగ్గర ఆపి, దిగండన్నారు. ఎవరికో ఫోన్ చేశారు. మేం గట్టు మీద కూర్చున్న కాసేపటికి స్కూటీ చప్పుడయింది. పిల్ల పెళ్ళి నుంచి నేరుగా వచ్చేసింది. పట్టుచీర, తల నిండా మల్లెపూలు, మొహం నిండా ఏడుపు.

"నేను లీవు వెట్టకపోతే గిట్ల అయ్యేదే గాదక్కా" అంటూ నా పక్కన కూలబడింది.

"నువ్వుంటె ఏం జేస్తుంటివే?" అన్నాను. నిజంగానే అర్థం కాలేదు నాకు.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిల్ల తల వంచుకుంది. కోదాడ తమ్ముడు సార్ వైపు చూశాడు. సార్ తలూపారు.

"అక్కా, మీరు అయిందన్నాక ఆ పేజీలన్నీ ఈ అమ్మాయి మళ్ళీ చదువుతుందక్కా. నాలుగు నెలల నుంచీ చదువుతోంది. మీ కంప్యూటర్‌లో అక్షరాలు పెద్దవి చేసింది కూడా తనే" అన్నాడు.

నా కంప్యూటర్ మంచిదని, అందులో అక్షరాలు బాగా కనబడతాయని నేను మా ఆయనకు గొప్పలు చెప్పుకున్న రోజులవి.

"నాలుగు నెలల సంది ఎందుకు?" అన్నాను.

"ఆ రోజు మనం చూసినవి కొంగలు కావక్కా" అన్నాడు కోదాడ తమ్ముడు మెల్లగా. "ఇసుక బస్తాలు. గట్టు కోసుకుపోకుండా పేర్చారు."

పన్నెండు బస్తాలు. పెళ్ళి పంక్తిలో పెద్దలు. అంత ఓపిక గల కొంగలు. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే ఏడుపయింది. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. మా అమ్మ కన్ను సంగతి, మంచుపొర సంగతి, మరిచిపోని కళ్ళజోడు సంగతి, అన్నీ ఆ గట్టు మీదే కక్కేశాను. "ఇగ నన్ను తీసెయ్యిండ్రి సార్. మీకు గావాల్సిన కన్ను ఇది గాదు" అన్నాను.

"ఎవరన్నరు తీసేస్తమని?"

"మరి ఇన్ని దినాలు ఎందుకు జెప్పలే మీరు? బస్తాలు అని ఒక్క మాట అంటె పోయేది గద."

సార్ కాలువ వైపు చూస్తూ అన్నారు. "గట్టు మీద కాదనొద్దని రూల్ పెట్టింది నేనే గదక్కా. ఆఫీసుల అడుగుదామంటే నువ్వు బాధపడతవని భయం. నీ అంతట నువ్వే జెప్తవని సూసినం. తప్పు మాది గూడ ఉంది. నీకంటే ఎక్కువ మేమే దాసినం."

పిల్ల ముక్కు తుడుచుకుని, "నువ్వు అంత మంచిగ రాసినవక్కా ఆ కొంగల గురించి. నాకు బస్తాలు అని చెప్ప బుద్ధి గాలే" అంది.

సార్ లేచి ప్యాంటు దులుపుకున్నారు. "ఈ నెల నడక ఆదివారం గాదు, సోమవారం పెట్టుకుందాం. కాలువ మీద గాదు, కంటి దవాఖానకు. నలుగురం పోదాం."

"వద్దు సార్, నాకు భయం" అనబోయాను.

"అక్కా, ఎక్కడ కూసున్నవ్ నువ్వు?" అన్నారు సార్.

గట్టు మీద కూర్చున్నాను. అక్కడ కాదనకూడదు. నోరు మూసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మిల్లు యజమానికి నేనే ఫోన్ చేశాను. తప్పు నాదని, ఆ అబ్బాయిది కాదని, నాకు కళ్ళు సరిగా కనబడవని చెప్పాను. "సరే అమ్మా. ముందుగాల కండ్లు సూపిచ్చుకో" అని పెట్టేశాడు. బడి పని తిరిగి రాలేదు. అది వచ్చి ఉంటే కథ ఇంకా బాగుండేది గానీ, నిజంగా జరిగింది ఇంతే.

సోమవారం ఆఫీసుకు తాళం పడింది. బయట కాగితం అంటించారు: 'అందరం పని మీద బయటికి వెళ్ళాం'. దవాఖానలో నన్ను లోపలికి తీసుకెళ్ళేటప్పుడు 'వీళ్ళు మీకేమవుతారు' అని నర్సు అడిగింది. ఏమని చెప్పను? "గట్టు మీదోళ్ళు" అన్నాను. ఆమె ఏమనుకుందో గానీ ముగ్గుర్నీ లోపలికి రానిచ్చింది. ముందు కుడికన్ను, నెల తర్వాత ఎడమకన్ను. ఈలోగా పక్కింటివాళ్ళు పప్పు తినొద్దని ఒకరు, వంకాయ ముట్టొద్దని ఒకరు, అసలు నవ్వొద్దని ఒకరు. కోదాడ తమ్ముడు వాళ్ళమ్మ అవేవీ పట్టించుకోకుండా రెండుసార్లు పులుసు పంపింది. నా పని మొత్తం పిల్ల చేసింది. నా జీతంలో ఒక్క రోజు కోత లేదు. మా ఆయన ఈ మాట ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు.

కట్టు విప్పిన రోజు నేను మొదట చూసింది మా ఇంటి వంటింటి గోడ. అది ఇంత మురికిగా ఉందని ఎవరూ చెప్పలేదేమని మా ఆయన మీద ఇంతెత్తున లేచాను. ఆయన మొహం చూసి, "నువ్వు ఇంత ముసలోడివి ఎప్పుడైతివయ్యా" అన్నాను. ఆయన పడీపడీ నవ్వాడు.

ఆ తర్వాత ఇంకో ఏడేళ్ళు పనిచేశాను. కోదాడ దాకా నడిచాం, పులుసు తిన్నాం, ఉప్పు సరిగ్గా సరిపోయింది. నేను సరిచూసిన పేజీని ఇంకొకరు చదవడం అనే అలవాటు మాత్రం మానొద్దని నేనే పట్టుబట్టాను. పిల్ల పేజీలు నేను, నా పేజీలు పిల్ల. నా కన్ను పడ్డాక అచ్చుతప్పు బతకదని ఆ తర్వాత నేనెక్కడా చెప్పుకోలేదు. మీకూ ఒక మాట చెబుతాను, పెద్దదాన్ని కాబట్టి వినండి. మంచి జీతం ఎక్కడైనా దొరుకుతుంది. మీ తప్పును ముందే చూసి, మీరు పడిపోకుండా చెయ్యి అడ్డం పెట్టి, ఆ చెయ్యి మీకు కనబడకుండా దాచుకునే మనుషులు దొరకడం అదృష్టం. నాకు ముగ్గురు దొరికారు. తలచుకున్నప్పుడల్లా వాళ్ళకు మనసులోనే దండం పెట్టుకుంటాను.

ఆపరేషన్ తర్వాత మొదటి నడక సంగతి చెప్పి ముగిస్తాను. సార్ కావాలనే అదే వంతెన దగ్గరికి తీసుకెళ్ళారు. కాలువకు నీళ్ళు వదిలి వారమైంది. నాట్లు జోరుగా సాగుతున్నాయి. అవతలి గట్టుకు అప్పటికే సిమెంటు వేశారు, బస్తాలు తీసేశారు. కూర్చున్నాం. ముగ్గురూ అవతలికి చూడకుండా నన్నే చూస్తున్నారు.

"ఏం గనవడుతున్నయక్కా?" అంది పిల్ల.

అవతలి గట్టు మీద తెల్లటి బారు. నేను తొందరపడలేదు. తొమ్మిది. ఎడమ నుంచి నాలుగోది ఒంటికాలి మీద నిలబడి ఉంది. చివరిది ముక్కుతో రెక్క కింద గోక్కుంటోంది. దాని ముక్కు పసుపుపచ్చ రంగు కూడా కనబడుతోంది. గడ్డిపోచ గడ్డిపోచా విడివిడిగా కనబడుతోంది. మొహం మామూలుగా పెట్టుకుని అన్నాను.

"ఏమున్నయ్? ఇసుక బస్తాలు."

ముగ్గురి మొహాల్లో నెత్తురు చుక్క లేదు. కోదాడ తమ్ముడి కూనిరాగం ఆగిపోయింది. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ గట్టు మీద ఉన్నాం కదా. సార్ గాలాన్ని గట్టిగా పట్టుకుని, మెల్లగా, "అవునక్కా, బస్తాలే" అన్నారు.

"అవునక్కా" అంది పిల్ల.

అప్పుడే అవతల ఎవరో ట్రాక్టర్ స్టార్ట్ చేశారు. తొమ్మిదీ ఒక్కసారి లేచి మా నెత్తి మీదుగా ఎగిరిపోయాయి. నేను తల పైకెత్తి, అవి చేల మీద మళ్ళీ వాలేదాకా, ఒక్కదాన్నీ వదలకుండా చూశాను. తర్వాత వాళ్ళవైపు తిరిగాను.

"సూడుండ్రి" అన్నాను. "తొమ్మిది బస్తాలు ఎగిరిపోయినయ్."